‘సెలెక్షన్ డే’: ఆటగాని అంతరంగం

ఢిల్లీలోని సరోజినీ నగర్ ప్రభుత్వోద్యోగుల నివాసాలకు పేరుపడిన పేట. అటువంటి పేటలలో ఇళ్ల వరుసల నడుమ కాస్త జాగా దొరికితే చాలు, సాయంకాలం పిల్లలు క్రికెట్టు ఆడుతారు. పక్కన నిలిచి చూచే తండ్రికి ఆ పరుగులలో కుమారుని భవిష్యత్తు కనిపిస్తుంది. కుమారుని మనసు మాత్రం ఆ లెక్కలో చేరదు. అరవింద్ అడిగ 2016లో ఆంగ్లంలో ప్రకటించిన ‘సెలెక్షన్ డే’ నవల ముంబయి నగర కథ. అయినా, లెక్కలో చేరని ఆ మనసే దానికి వస్తువు.

కర్ణాటకం నుంచి ముంబయి చేరిన మోహన్ కుమార్ చట్నీలు అమ్ముకొని బ్రతికే పేదవాడు. పెద్దకొడుకు రాధ ప్రపంచంలో మొదటి బ్యాట్స్‌మన్ కావాలి, చిన్నకొడుకు మంజు రెండవవాడు కావాలి అన్నది అతని వ్రతం. గడ్డం గీసుకోవడం మొదలు సమస్తానికీ అతడు నిషేధాలు విధించినాడు. ఆనంద్ మెహతా అనే ధనికుడు రేపటి సంపాదనలో వాటా ఆశించి వారికి సొమ్ము సమకూర్చుతాడు. ఈ నడుమ మంజు అన్నను మించిపోతాడు. జావేద్ అన్సారీ అనే మరొక ఆటగాడు అతని జీవితంలో ప్రవేశిస్తాడు. జావేద్ సంపన్నుడు, కవిత్వప్రియుడు, తన మనసును తాను దాచుకోనివాడు. అతనిపై తనకు కలిగిన అనురాగం స్నేహం మాత్రమే కాదని మంజుకు తెలుస్తూనే ఉంటుంది. ఒప్పుకోవడమే అతనికి చేతకాదు.

నవల పేరులోని ‘ఎంపిక’ అన్న మాటలోనే దీని కీలకమున్నది. తండ్రి, శిక్షకుడు, ధనికుడు, సంఘం, అందరూ మంజును ఎంచేవారే. ఎంపిక కావడానికి అలవాటుపడిన బాలుడు ఎంచుకోవడం నేర్వలేదు. జావేద్ ఆటను విడిచి తనతో రమ్మని పిలిచినప్పుడు అతడు వెనుదీసి ఆటనే ఆశ్రయిస్తాడు. అది ఆటపై ప్రేమవల్ల కాదు. ఆటలో ప్రతిదానికీ అంకె ఉన్నది. అంకెలు తన్ను గురించి తనను ప్రశ్నించవు. నేరపరిశోధన శాస్త్రంపై మనసుపడిన ఈ బాలుడు పరుల రహస్యాలకు ఆధారాలు వెదకగలడు గాని తన హృదయంలోని సాక్ష్యాన్ని మాత్రం పరిశీలించలేడు. అతనిని శిక్షించినది లోకం ఒక్కటే కాదు, అతని భయం కూడా. ఆ భయాన్ని నిందింపక, క్షమింపక చిత్రించడమే రచయిత సాధించిన విజయం.

లోపాలు లేకపోలేదు. క్రికెట్టు వ్యాపారంపై పరిహాసం అక్కడక్కడ బాలుని కథను మరుగుపరచినది. జావేద్ కొన్నిచోట్ల పాత్రగా కాక రచయిత వాదంగా మాటాడుతాడు. మంజు మౌనంలో ఉన్న సత్యం జావేద్ వాగ్ధాటిలో లేదు.

ఈ భయానికి నాడు చట్టం కూడా తోడుగా ఉండేది. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్‌ను ఢిల్లీ హైకోర్టు 2009లో సడలించగా, 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చినది. నవల వెలువడే నాటికి మంజు ప్రేమ నేరమే. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఆ నేరముద్రను తొలగించినది. మరుసటి సంవత్సరం మే నెలలో, హైదరాబాదులో నాగపురి రమేశ్ వద్ద శిక్షణ పొందిన ఒడిశా పరుగుల రాణి ద్యుతీ చంద్ తాను ఒక స్త్రీని ప్రేమించినట్లు బహిరంగంగా ప్రకటించినది. సొంత ఇంటిలోనే వ్యతిరేకత ఎదురైనది. అయినా ఆ జూలైలో నేపుల్సు నగరంలో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలలో 100 మీటర్లను 11.32 సెకండ్లలో పరుగెత్తి స్వర్ణపతకం గెలిచినది. అంతకు ముందే, 2011లో, ఇంగ్లండు వికెట్‌కీపరు స్టీవెన్ డేవిస్ తన స్వలింగానురాగాన్ని వెల్లడించి ఆటలో కొనసాగినాడు. సత్యం చెప్పితే ఆట పోతుందన్న మంజు భయం సహజమే గాని, అది విధి కాదని ఈ రెండు జీవితాలు చెప్పుతున్నవి. మంజు కథలో విషాదం దీనికి విపరీతం: ఆటకొరకు అతడు జావేద్‌ను వదలుకొన్నాడు, ఆ ఆట కూడా వాగ్దానం చేసిన వైభవాన్ని అతనికి ఇవ్వలేదు.

ఈ నవలను తెలుగు చేయబూనినవారికి ఒక చిక్కు తప్పదు. ఇటువంటి అనురాగాన్ని చెప్పడానికి తెలుగులో వాడుకలోనున్న మాటలు కొన్ని న్యాయస్థానం నుంచి వచ్చినవి, కొన్ని వైద్యశాల నుంచి వచ్చినవి, తక్కినవి వీథిలోని తిట్లు. తల్లి భాషలో పేరులేని కోరికను పదునాలుగేళ్ల బాలుడు నేరమనో రోగమనో అనుకొనక మరేమనుకోగలడు? ప్రేమ అన్న పాతమాటనే నిస్సంకోచంగా వాడగల అనువాదకుడు లభించిననాడు మంజు తెలుగు ఇండ్లలో అపరిచితుడుగా ఉండడు. సరోజినీ నగర్‌లో బ్యాటు పట్టిన ఏ బాలుడైనా ఆ పుస్తకం తెరచి, తన మనసు గురించి కూడా ఎవరో వ్రాసినారని తెలుసుకోగలుగుతాడు.