నస్కల్ మట్టిలో పంటి వెతుకులాట

వికారాబాద్ జిల్లా పరిగి దగ్గరి నస్కల్‌లో, దక్కన్ లావా పొరల మధ్య ఇరుక్కుపోయిన పాత చెరువు మట్టి ఉంది. దాని వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్లు. అదే జిల్లాలోని తాండూరు నాపరాయి అంతకంటే ఎంతో పాతది, అందులో ఎముకలు వెతకడం దండగ.

నస్కల్‌లో పనంతా వడపోతే. మట్టిగడ్డల్ని ఎండబెట్టి, నీళ్లలో నానబెట్టి, విడిపోయాక సన్నని జల్లెడల్లో కడుగుతారు. మిగిలిన నూకను సూక్ష్మదర్శిని కింద పలచగా పరిచి, తడి కుంచె మొనతో ఒక్కో రేణువునూ తిరగేస్తారు. బస్తాల మట్టికి ఒకటి రెండు మిల్లీమీటర్ల క్షీరదపు పన్ను దక్కితే పండగే. కూలి గిట్టే బేరం కాదిది, ఓపికున్నవాళ్లదే రాజ్యం.

జంతువు ఏ జాతిదో తేల్చే సాక్ష్యం పంటి మీది మొనలది, వాటి మధ్య పల్లాలది. ఆ ఆధారంతోనే శిలాజ శాస్త్రవేత్తలు జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో డెక్కనోలెస్టెస్ హిస్లోపి అనే జాతిని ప్రకటించారు. భారతదేశంలో దొరికిన తొలి క్రెటేషియస్ యుగపు క్షీరదం అదే. చెట్లెక్కే జీవి అని 1994లో దాని మడమ ఎముకలు చెప్పాయి.

పేర్ల విషయంలో తగవులూ తప్పవు. నస్కల్‌లోనూ పళ్లు దొరికిన మరో జంతువుకు 2007లో రెండు బృందాలు భరత్‌థీరియం, దక్షిణ అని వేర్వేరు పేర్లు పెట్టాయి. ముందు అచ్చయిన భరత్‌థీరియమే నిలిచింది.