గబ్బిలంలో జాషువ విశ్వాసం: వ్యక్తిత్వాన్ని ముక్కలుగా చదవడంపై ఒక పరిశీలన

గుర్రం జాషువ (1895–1971) వినుకొండలో జన్మించారు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. పెరిగింది క్రైస్తవ కుటుంబంలో. అయినను మన సంఘాల్లో ఆయనను గూర్చిన చర్చ తరచుగా ఒక విభజనతో ముగుస్తుంది: ‘క్రీస్తు చరిత్ర’ మనది, ‘గబ్బిలం’ మనది కాదు. మొదటిదానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది గనుక గర్విస్తాం. రెండవదానిలో కథానాయకుడు కాశీ విశ్వనాథునికి మొర పంపుతాడు గనుక మౌనం వహిస్తాం. ఈ విభజన కావ్యానికీ న్యాయం చేయదు, మనిషికీ చేయదు.

వ్యక్తిత్వం పక్కపక్కన పేర్చిన గుణాల జాబితా కాదనీ, నమ్మకాలు, ఆశలు, ఉద్వేగాలు, నేర్పులు ఒకదానినొకటి కదిలించే వ్యవస్థ అనీ మనస్తత్వ శాస్త్రజ్ఞులు వాల్టర్ మిషెల్, యూయిచి షోడా 1995లో ప్రతిపాదించారు. ఏ భాగం ఎలా పనిచేస్తుందో ఎదురైన పరిస్థితినిబట్టి, మిగిలిన భాగాలనుబట్టి ఉంటుంది.

1941లో వెలువడిన గబ్బిలాన్ని ఈ దృష్టితో చదవండి. దాని రూపం కాళిదాసు మేఘసందేశం నుండి వచ్చింది. అయితే అక్కడ యక్షుడు భార్యకు కబురు పంపితే, ఇక్కడ ఆకలిగొన్న అరుంధతీయుడు దేవునికి పంపుతాడు. మేఘానికి బదులు, అపశకునమని జనం తరిమే గబ్బిలం దూత అయింది. తనను రానివ్వని గుడిలోనికి అది పోగలదు మరి! అంటరానితనపు గాయం పాండిత్యాన్ని తలక్రిందులు చేసింది. పాండిత్యం ఆ గాయాన్ని వట్టి తిట్టుగా మిగలనీయలేదు. ఇక విశ్వాసం ఎక్కడ? దేవునిమీది ఫిర్యాదును దేవునికే చెప్పుకొనే ధైర్యంలో నాకు కనబడుతుంది. కీర్తనల గ్రంథంలోని విలాపాలు ఎరిగినవారికి అది కొత్త స్వరం కాదు.

ఇది సాహిత్య చర్చతో ఆగదు. మిర్చి ధర పడిపోయిన ఏడాది కౌలు రైతు ఆరాధనకు రావడం మానితే ‘విశ్వాసం చల్లారింది’ అనేస్తాం. అప్పు, అప్పిచ్చినవాడు అదే మందిరంలో ఎదురవుతాడన్న సిగ్గు, నిద్రలేని రాత్రులు, నోట రాని ప్రార్థన: వీటిలో ఏది దేనిని కదిలించిందో విచారించం.

అయితే వ్యవస్థ అనే ఆలోచనకు ఒక కొరత ఉంది. అన్నీ భాగాలే చేస్తుంటే బాధ్యుడెవడు? రోమా 7వ అధ్యాయంలో పౌలు తనలో పనిచేసే పాపాన్ని వేరుగా చూపుతూనే, విడుదల కొరకు ఒక్క మనిషిగా కేకవేస్తాడు. మిషెల్, షోడాల నమూనాలో ఆ కేకకు చోటు నాకు కనబడలేదు.