ఉత్కళ పంజి - ఆంధ్రుల తిథి నిర్ణయము

తిథి, వార, నక్షత్ర, యోగ, కరణములను తెలుపు గ్రంథమునకు ఆంధ్రులు పంచాంగమనియు, ఉత్కళులు పంజి యనియు పేరిడిరి. అంగములు సమానములే యైనను రెండింటిని ఒకే రీతిగ చదువవచ్చునని తలంచుట పొరపాటు. 1936 వరకు మద్రాసు రాజధానిలో చేరియుండిన గంజాము, కోరాపుట్టు సీమలలో తరతరములుగ నివసించు తెలుగు కుటుంబములకు ఇది పితృతిథికి సంబంధించిన విషయము.

ఆంధ్రుల చాంద్రమాసము అమావాస్యతోను, ఉత్కళుల మాసము పూర్ణిమతోను ముగియును. శుక్లపక్షమున రెండింటను మాసనామ మొక్కటియే. కృష్ణపక్షమున ఉత్కళ నామము ఒక మాసము ముందుండును. ఆంధ్రులకు మాఘ బహుళ చతుర్దశియైన మహాశివరాత్రి పంజిలో ఫాల్గుణ కృష్ణ చతుర్దశి. శ్రావణ బహుళాష్టమియైన కృష్ణాష్టమి అచట భాద్రపద కృష్ణాష్టమి. పండుగ దినము మాత్రము మారదు. కావున పంజిని చూచి వ్రాసియుంచిన ఫాల్గుణ కృష్ణాష్టమిని తెలుగు పంచాంగమున అదే పేరుతో వెదకువారు శ్రాద్ధమును ఒక నెల ఆలస్యముగ పెట్టుదురు. ఇందు దోషము చదువరిదే.

సంవత్సరారంభమునందును భేదము కలదు. ఆంధ్రులకు చైత్ర శుద్ధ పాడ్యమి యుగాది. ఉత్కళులకు మేష సంక్రమణమగు పణాసంక్రాంతి. సంక్రమణ మే దినమున జరుగునో ఆ దినముననే ఉత్కళ సౌరమాసము మొదలిడును. వంగదేశమున అది మరునాటికి జరుగును.

గజపతుల పాలనావర్షములను తెలుపు అంకము మరింత జాగ్రత్తను కోరును. భాద్రపద శుద్ధ ద్వాదశినాడు, అనగా సునియానాడు, ఇది మారును. ఒకటవ అంకమును, ఆరుతోను సున్నతోను ముగియు అంకములను విడుతురు. పదిని మాత్రము లెక్కింతురు. అందువలన 21వ అంకము నిజమునకు 17వ వర్షము. ఆంధ్రదేశమున శ్రీకూర్మ శాసనములు చదువువారు ఈ నియమమును మరచినచో కాలనిర్ణయము తప్పును.

పంజికి గౌరవము తెచ్చినవాడు ఖండపడా వాసి సామంత చంద్రశేఖరుడు (1835-1904). వెదురు, కొయ్యలతో తాను చేసికొనిన పరికరములతో ఆకసమును కంటితో పరిశీలించి, ప్రాచీన గణితమునకును గ్రహస్థితికిని గల అంతరమును సవరించెను. చంద్రగతిలోని మూడు వైషమ్యములను స్వతంత్రముగ గుర్తించెను. ఆయన సంస్కృతమున రచించిన సిద్ధాంత దర్పణము 1899లో కలకత్తాలో అచ్చుపడెను. పూరీ జగన్నాథాలయ సేవలకు ఆయన గణితమే ఆధారమయ్యెను.

అయినను విమర్శకు తావు లేకపోలేదు. దృగ్గణితమును ప్రమాణముగ గొన్న ఆచార్యుని పేరు చెప్పుకొనుచు, పరిశీలనను మాని పాత కోష్ఠకములనే వల్లించుట ఆయన మార్గమునకు విరుద్ధము. రాశిఫలముల విస్తరమున గణితభాగము మరుగుపడుట కూడ మెచ్చదగినది కాదు. ఇది తెలుగు పంచాంగములకును వర్తించును.

ఉత్కళమందలి ఆంధ్రులు పంజిని విడువ నక్కరలేదు, పంచాంగమును మరువ నక్కరలేదు. కుటుంబపు కాగితములలో తిథితోపాటు పూర్ణిమాంతమో అమాంతమో వ్రాసి, ఇంగ్లీషు తేదీని చేర్చిన చాలును. ఆ ఒక్క మాట లేకున్న మనుమలు తాతల తిథిని సరిగా నిర్ణయింపజాలరు.