తల్లిగారింటికి పోయిన కారు

పాత కార్ల కథల్లో నన్ను మొదటినించీ ఇబ్బంది పెట్టేది ఒకటుంది. కారుకి పేరుంటుంది, మనసుంటుంది, అలక కూడా ఉంటుంది. అందులో ఎక్కిన స్త్రీకి ఇవేవీ అంతగా అక్కర్లేదు. రిత్విక్ ఘటక్ ‘అజాంత్రిక్’ (1958) నాకు చాలా ఇష్టమైన సినిమా. డొక్కు షెవర్లే ‘జగద్దల్’ మీద డ్రైవర్ బిమల్ పెంచుకున్న ప్రేమని ఎంత ఆర్ద్రంగా చూపిస్తాడో! కానీ, ప్రియుడు వదిలేసిపోయిన ఓ అమ్మాయి ఆ కారెక్కగానే మన దృష్టి ఆమె దుఃఖం నించి కారు అసూయ మీదికి మళ్ళుతుంది. ఆమె రైలెక్కి వెళ్ళిపోతుంది. మనం కారుతో ఉండిపోతాం.

మరి కారులో తొలి దూరప్రయాణం చేసిందెవరు? బెర్తా బెంజ్. 1888 ఆగస్టులో భర్త కార్ల్‌కి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని, మూడు చక్రాల బండిలో మన్‌హైమ్ నించి ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న తల్లి దగ్గరికి నూరు కిలోమీటర్లకి పైగా వెళ్ళింది. ‘తల్లిగారింటికి పోయొస్త’ అని మా బొంరాస్‌పేటలో ఆడవాళ్ళు అనే మాటే! ఇల్లు దాటడానికి ఎవరూ కాదనలేని కారణం అదొక్కటే కదా. 2023 డిసెంబరులో ఆర్టీసీ బస్సుల్లో మాకు చార్జీ పోయింది గానీ, పరిగికో కొడంగల్‌కో బయల్దేరితే ‘ఎందుకు?’ అన్న ప్రశ్న పోలేదు.

బెర్తా కథ చెప్పేవాళ్ళు రెండు వస్తువుల దగ్గర ముచ్చటపడి ఆగుతారు. ఇంధనం గొట్టంలో మురికి తీసిన టోపీ పిన్ను, తీగకి చుట్టిన మేజోడు పట్టీ. ఆడవాళ్ళ చమత్కారం అన్నమాట! వీస్‌లోఖ్‌లో మందుల షాపులో లిగ్రోయిన్ కొని బండిలో పోయించడం, అరిగిన చెక్క బ్రేకులకి చెప్పులు కుట్టేవాడితో తోలు వేయించడం, ఎత్తుల్లో బండిని తోయాల్సి వచ్చాక ఇంకో గేరు కావాలని చెప్పడం, ఇవన్నీ ఇంజనీరు పనులు. వీటిని ఒక్క వాక్యంలో దాటేస్తారెందుకు? ఇంకా ముందు, పెళ్ళికి కట్నంగా ఇవ్వాల్సిన డబ్బుని 1871లోనే కార్ల్ వర్క్‌షాపులో పెట్టింది కూడా ఆమే. 1886 పేటెంటు మీద ఆమె పేరు లేదు.

2008లో ఆ దారికి బెర్తా పేరు పెట్టారు. పాతకార్ల వాళ్ళు ఆమె గుర్తుగా అక్కడ నడుపుతారు. నడపనీ. నాకు మాత్రం ‘అజాంత్రిక్’ మళ్ళీ చూసినప్పుడల్లా ఆ రైలు ఏ స్టేషన్‌లో ఆగిందో, ఆ అమ్మాయి ఎవరింటి తలుపు తట్టిందో తెలుసుకోవాలనుంటుంది.