ద్వీపంపై ప్రదర్శిత సంస్కృతి: నాగార్జునకొండ – ఒక విమర్శనాత్మక పరిశీలన

ప్రవేశిక

ఒక జాతి సంస్కృతిని ఒకే ఆవరణలో, ఒక్క పూటలో సందర్శకునికి చూపించే ప్రదర్శనలు ఆధునిక పర్యాటకానికి ముఖ్యమైన ఆకర్షణలు. హవాయి దీవుల్లో, ఓహూ ద్వీపంలోని లాయీలో 1963లో ప్రారంభమైన పాలినేషియన్ కల్చరల్ సెంటర్ వీటిలో ప్రసిద్ధమైనది. ఆంధ్రదేశంలో ద్వీపంపై ఉన్న సంస్కృతి ప్రదర్శన అనగానే స్ఫురించేది నాగార్జునకొండ. ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి, ప్రదర్శన ఎవరిని చూపుతుంది, ఎవరిని వదిలివేస్తుంది అనే అంశాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మనుషులే ప్రదర్శనగా

లాయీలో సమోవా, టోంగా, ఫిజీ, తాహితి మొదలైన దీవుల పేరిట నమూనా గ్రామాలు నిర్మించారు. పక్కనే ఉన్న విశ్వవిద్యాలయంలో చదువుకొనే ద్వీపవాసులైన విద్యార్థులు అక్కడ నృత్యాలు చేస్తారు, సంప్రదాయ నైపుణ్యాలను చూపుతారు. డీన్ మెకానెల్ 1973లో ప్రతిపాదించిన 'రంగస్థలీకృత ప్రామాణికత' అనే భావన ఇటువంటి ప్రదర్శనలకు చక్కగా అన్వయిస్తుంది. సందర్శకునికి తెర వెనుక జీవితాన్ని చూశానన్న తృప్తి కలుగుతుంది. నిజానికి ఆ తెర వెనుక భాగం కూడా అతని కోసం అమర్చినదే. వలస పాలన, వలస బతుకు వంటివి ఆ వినోదంలో సులువుగా ఇమడవు. అయినా అక్కడ ఒక మేలు ఉంది. ప్రదర్శన ఇస్తున్నది మాట్లాడగల మనిషి కనుక, సందర్శకుడు ప్రశ్నిస్తే సమాధానం దొరికే అవకాశం ఉంటుంది.

రాళ్లే ప్రదర్శనగా

నాగార్జునకొండ స్థితి ఇందుకు భిన్నం. ఇది మొదట ద్వీపం కాదు. కృష్ణానది కుడిగట్టున, పల్నాటి లోయలోని కొండ. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి శిథిలాలు ఆ లోయలో 1926లో వెలుగులోకి వచ్చాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని తెలిసి, ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో 1954 నుంచి 1960 వరకు విస్తృతంగా తవ్వకాలు జరిపారు. ఎంపిక చేసిన కట్టడాలను కొండపైకి, అనుపుకు తరలించి పునర్నిర్మించారు. పురావస్తు పరిరక్షణ చరిత్రలో ఇది గొప్ప కృషి.

అయితే ద్వీపంపై మ్యూజియం చెప్పే కథ రాతియుగంతో మొదలై మధ్యయుగంతో ముగుస్తుంది. లోయలో చివరిదాకా సేద్యం చేసిన పుల్లారెడ్డిగూడెం వంటి పల్లెల జనం ఆ కాలరేఖకు ఆవలే ఉండిపోయారు. విద్యార్థులతో వెళ్లినప్పుడు, మునిగిన లోయ నమూనా ఎదుట నిలబడి ఒక విద్యార్థి అడిగాడు: "నీళ్లు వచ్చినప్పుడు ఇక్కడున్నవాళ్లు ఎటు పోయారు సార్?" ఆ విద్యార్థిది కుడికాలువ కింద ఆరుతడి మిరప వేసే కుటుంబం. ప్రశ్న అతని పొలాన్నీ తాకుతుంది. 1967లో కాలువలకు వదిలిన నీరే గుంటూరు, ప్రకాశం మెట్ట భూముల స్వరూపాన్ని మార్చింది. ఒకరి పొలం మునగడం వల్లనే మరొకరి పొలం తడిసింది.

ఇక్కడ ఒక వైరుధ్యం గమనార్హం. ఈ లోయలోనే మూడవ, నాల్గవ శతాబ్దుల నాటి ఛాయాస్తంభాలు లభించాయి. అవి రాజులకే పరిమితం కాలేదు. సైనికుల, శిల్పుల స్మృతికి కూడా నిలిపారు. చేతిపని చేసేవాని పేరును రాతిపై నిలిపిన నేల ఇది.

సాహిత్యంలో లోయ

తెలుగు సాహిత్యం కూడా ఈ లోయను ప్రాచీన వైభవంగానే ఎక్కువగా దర్శించింది. అడివి బాపిరాజు 'అడివి శాంతిశ్రీ' నవల ఇక్ష్వాకుల విజయపురిని కల్పించింది. శంకుస్థాపన జరిగిన 1955లోనే వెలువడిన సి. నారాయణరెడ్డి 'నాగార్జునసాగరం' గేయకావ్యం కూడా ఆ పురాతన కాలపు ప్రణయగాథనే ఇతివృత్తంగా స్వీకరించింది. చారిత్రక కల్పనగా వాటి విలువ తగ్గదు. కానీ మ్యూజియం, కావ్యం రెండూ గతాన్ని ఒకే దూరం నుంచి చూశాయన్నది విమర్శకులు గుర్తించవలసిన విషయం.

ముగింపు

లాయీలో మనిషి ఉన్నాడు, అతని చరిత్ర కుదించుకుపోయింది. నాగార్జునకొండలో చరిత్ర ఉంది, చివరి మనిషి లేడు. మొదటి లోపాన్ని సందర్శకుని ప్రశ్న కొంత సరిదిద్దగలదు. రెండవదానికి క్షేత్ర పరిశోధన ఒక్కటే మార్గం. 1960 నాటికి పదేళ్ల వయసున్నవారికి నేడు డెబ్బై అయిదు దాటింది. పునరావాస గ్రామాల్లో వారి మౌఖిక కథనాలను, ఊళ్ల పేర్లను, పొలాల పేర్లను, మొక్కుబడులను, పాటలను సేకరించడానికి మిగిలిన వ్యవధి స్వల్పం. కాలువ నీటితో ఎదిగిన ప్రాంతంలోని తెలుగు శాఖలు ఈ పనిని ముందుగా చేపట్టడం సముచితం. ఆ సేకరణ పూర్తయిననాడే ఆ విద్యార్థి ప్రశ్నకు మనం జవాబు చెప్పగలం.