ఖాళీ చేసిన ఫ్రేము: హంపి ఫొటోల మీద కొన్ని మాటలు

పాత కెమెరాలు మళ్లీ బయటికి వస్తున్నాయి. తాతల నాటి రోలీఫ్లెక్స్, యాషికా, హాసెల్‌బ్లాడ్ కెమెరాల్ని బాగు చేయించుకుని, 120 ఫిల్ము రోళ్లు తెప్పించుకుని, చారిత్రక కట్టడాల్ని నలుపు తెలుపుల్లో తీసే వాళ్లు పెరిగారు. డిజిటల్ తొందరకి యిది విరుగుడంటున్నారు. హంపి వాళ్లకి బాగా యిష్టమైన చోటు. విఠల దేవాలయం ముందున్న రాతిరథం, విరూపాక్ష గోపురం, గజశాల, లోటస్ మహల్ – వీటిని యిలా తీసిన ఫొటోలు మేం చాలా చూశాం. బాగున్నాయి. దాదాపు ఆరు సెంటీమీటర్ల చదరపు నెగిటివ్ మీద రాతి గరుకు, వులి దెబ్బ, స్తంభం అంచున అరిగిన చోటు అన్నీ నిలబడతాయి. ఆ పనితనాన్ని మేం తక్కువ చెయ్యడం లేదు. అయితే వీటిని వరసగా పెట్టి చూస్తే వొక సంగతి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మనిషి లేడు. వొక ఫొటోలో లేకపోతే అనుకోకుండా జరిగిందనుకోవచ్చు. దేంట్లోనూ లేడు. యీ లేకపోవడం యెలా తయారవుతోంది, యెవరికి పనికొస్తోంది?

ముందు కెమెరా సంగతి. 1929లో జర్మనీలో వచ్చిన రోలీఫ్లెక్సూ, ఆ దారిలోనే 1957లో జపాను నుంచి వచ్చిన యాషికా మాటూ రెండు లెన్సుల పెట్టెలు. పై లెన్సు చూడ్డానికి, కింది లెన్సు తియ్యడానికి. పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి, గ్రౌండ్ గ్లాసులోకి చూడాలి. అందులో కుడియెడమలు తారుమారై కనిపిస్తాయి. రోలుకి 12 ఫొటోలే. గోపురం మొత్తం పట్టాలని కెమెరాని పైకి వంచితే నిలువు గీతలు పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి, గోపురం వెనక్కి పడిపోతున్నట్టుంటుంది. కట్టడాల ఫొటోలో అది తప్పు కింద లెక్క. పెద్ద ప్లేటు కెమెరాలో లెన్సుని పైకి జరుపుకుని దీన్నుంచి తప్పించుకోవచ్చు. యీ పెట్టెలో ఆ వీలు లేదు. అందుకని కెమెరాని మట్టంగా పెట్టి దూరం జరుగుతారు. మట్టంగా పెడితే దిగంతరేఖ ఫ్రేము నడుమకి వస్తుంది. పై సగం కట్టడం, కింది సగం నేల. ఫొటోగ్రఫీ నేర్పే వాళ్లు దీన్ని లెన్సు సమస్యగా చెప్పి వదిలేస్తారు. మాకు ఆ కింది సగం మీదే ఆసక్తి.

ఆ నేల యెప్పుడూ శుభ్రంగా వుంటుంది. ఆకు లేదు, కాగితం లేదు, అరటి తొక్క లేదు. తనంతట తనే శుభ్రమైందా? పొద్దుటి మెత్తటి వెలుతురు కోసం వచ్చే ఫొటోగ్రాఫరు కన్నా ముందే చీపురు పట్టుకుని వచ్చిన మనిషి వొకామె అక్కడ వుంటుంది. వూడవడం అయిపోయి ఆమె పక్కకి తప్పుకునేదాకా ఆగి, అప్పుడు షట్టరు నొక్కుతారు. సగం ఫొటో ఆమె పనే. ఆమె మాత్రం వుండదు. యీ దేశంలో చీపురు యే కులాల చేతికి యిచ్చారో మన పాఠకులకి చెప్పక్కర్లేదు.

ఆగడం కుదరకపోతే యింకో వుపాయం వుంది. ట్రైపాడ్ మీద పెట్టి, లెన్సు కన్ను బాగా మూసి, షట్టరుని సెకన్ల తరబడి తెరిచి వుంచడం. అప్పుడు నడిచే వాళ్లు కరిగిపోతారు, కదలని రాయి మాత్రం మిగులుతుంది. యిది ఫొటోగ్రఫీతో పాటే పుట్టిన గుణం. 1838లో డాగేర్ పారిస్‌లో వొక రద్దీ వీధిని తన కిటికీ నుంచి తీశాడు. నిమిషాల తరబడి సాగిన యెక్స్‌పోజరులో బళ్లూ జనమూ అంతా మాయమయ్యారు. నిలిచింది యిద్దరు: కాలు ముందుకి పెట్టి బూట్లు తుడిపించుకుంటున్న మనిషీ, ఆ బూట్లు తుడుస్తున్న మనిషీ. మనిషి కనబడే మొదటి ఫొటో యిదేనంటారు. కళాచరిత్రలు రాసిన వాళ్లు ఆ మొదటాయన గురించి యెక్కువ మాట్లాడారు. చెప్పులు కుట్టే కులాల బిడ్డలకి మాత్రం కళ్లు రెండో మనిషి మీదికే పోతాయి. అతను వుండిపోయింది యెవరి దయవల్లా కాదు, పని వదిలి కదలకపోవడం వల్ల.

హంపిలోనూ యిదే చరిత్ర. కంపెనీ సైన్యంలో అధికారి అలెగ్జాండర్ గ్రీన్‌లా 1856లో మైనం పట్టించిన పెద్ద కాగితం నెగిటివ్‌ల మీద ఆ శిథిలాల్ని తీశాడు. ఆ కాగితం మీద నడిచే మనిషి నిలవడు. అది ఆనాటి రసాయనం పరిమితి. యివాళ్టి 120 ఫిల్ముకి ఆ యిబ్బంది లేదు. ఎండలో సెకనులో వందో వంతు చాలు. ఆనాడు గత్యంతరం లేక వచ్చిన ఖాళీని యివాళ కోరి తెచ్చుకుని, దానికి నిశ్శబ్దమనీ కాలాతీతమనీ పేర్లు పెడుతున్నారు.

యీ ఖాళీ ఫొటోలోనే ఆగిపోతే యింత మాట్లాడే పని లేదు. హంపి 1986లో ప్రపంచ వారసత్వ జాబితాకి యెక్కింది. 2011 జూలైలో, విరూపాక్ష గుడి ముందు బజారు వీధిలో, ఆ రాతి మంటపాల్లోనూ వాటిని ఆనుకునీ యేళ్ల తరబడి కాపురాలుంటూ చిన్న చిన్న వ్యాపారాలు చేసుకుంటున్న కుటుంబాల యిళ్లనీ కొట్లనీ అధికారులు బుల్డోజర్లతో కూల్చారు. బజారుగా కట్టిన చోట బజారు వుండకూడదన్నారు! ఫొటోలు బుల్డోజర్ని పిలిచాయని మేం అనడం లేదు. యిద్దరి కంటికీ నచ్చే హంపి వొకటే అంటున్నాం.

కట్టడాల ఫొటోలో కట్టడమే విషయం, మనుషుల్ని తియ్యాలంటే వేరే రకం ఫొటోలున్నాయి కదా అని వొక వాదన వుంది. నిజమే, గుంపుని నింపితే సరిపోదు. సర్వేల కాలంలో తెల్ల అధికారులు స్తంభం పక్కన వొక కూలీని నిలబెట్టేవాళ్లు. స్తంభం యెత్తు తెలియడానికి. అతని పేరు యెక్కడా రాయలేదు. కొలబద్దకి పేరెందుకు? మనిషిని తీసెయ్యడమూ, మనిషిని కొలబద్ద చెయ్యడమూ రెండూ వొకే చూపు నుంచి వచ్చినవే.

తెలుగు వాళ్లకి హంపి అంటే రాయలు, భువనవిజయం, కవులు. పాఠ్యపుస్తకాలు అక్కడే ఆగుతాయి. హంపి అప్పట్లో వున్న బళ్లారి జిల్లా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోది. ఆ రాష్ట్రంలో అంటరానివాళ్లు గుళ్లోకి వెళ్లడాన్ని హక్కుగా చేసిన చట్టం 1947లో వచ్చింది. అంటే రోలీఫ్లెక్స్ పుట్టిన 18 యేళ్లకి. యీ లెక్క యెందుకంటే, ఫిల్ము దేనితో తయారవుతుందో వొకసారి చూడాలి. వెండి లవణాల్ని ఫిల్ము మీద పట్టి వుంచేది జెలటిన్. గొడ్ల యెముకల నుంచీ తోళ్ల నుంచీ తీసిన పదార్థం అది. 1871లో మాడక్స్ దాన్ని ఫొటో ప్లేటుకి వాడాడు, యివాళ్టికీ ఫిల్ముకి అదే ఆధారం. ఫిల్ముకి వెలుతురు పట్టే గుణం కొంత ఆ గొడ్లు తిన్న మొక్కల్లోని గంధకం వల్ల వస్తుందని కొడాక్ రసాయనవేత్త షెపర్డ్ 1920లలో కనిపెట్టాడు. మడత కెమెరాకి తోలుతిత్తి, రోలీఫ్లెక్సుకి తోలు తొడుగు సరేసరి. మన దేశం నుంచి కూడా జెలటిన్ కోసం యెముకలు యెగుమతి అవుతూ వచ్చాయి. వూరి బయట ఆ యెముకలు యేరిన వాళ్లెవరు, ఆ తోలు వొలిచిన వాళ్లెవరు? చచ్చిన గొడ్డుని మోసిన మనిషిని గడప బయట నిలబెట్టిన గుళ్లు, ఆ గొడ్డు యెముకతో చేసిన ఫిల్ముని యెన్నడూ అడ్డుకోలేదు. పవిత్రమైన వారసత్వం అని కింద రాసి గోడకి తగిలించే ప్రతి నలుపు తెలుపు ఫొటో యెముకల జిగురు మీదే నిలబడి వుంది.

దోషం కెమెరాలో లేదనడానికి మన దగ్గరే సాక్ష్యం వుంది. చిన్న వూళ్ల స్టూడియోల్లో దశాబ్దాల పాటు పని చేసింది యీ యాషికాలే. ఆగ్ఫా క్లిక్ 3 లాంటి చవక పెట్టెలు యిళ్లలోకి వచ్చాయి. వూటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ‘ఇందు’ ఫిల్ము చేసేది, ఆ ఫాక్టరీ తర్వాత మూతపడింది. ఆ స్టూడియోల్లో వెనక తెర మీద తాజ్‌మహలో, మేడ మెట్లో, గుడి స్తంభాలో రంగుల్లో గీసి వుండేవి. మాలపల్లె నుంచీ మాదిగపల్లె నుంచీ వచ్చిన మొగుడూ పెళ్లాం, పదో తరగతి పాసైన పిల్ల, వుద్యోగం వచ్చిన కుర్రాడు ఆ తెర ముందు నిటారుగా నిలబడి లెన్సులోకి సూటిగా చూశారు. అక్కడ కట్టడం బొమ్మ, మనిషి నిజం. తీసేవాడు తల వంచుకుని, వాళ్లు కుదురుకునేదాకా ఆగేవాడు. ఆ ఫొటోలు యివాళ్టికీ మన యిళ్లలో అంబేద్కర్ పటం పక్కన వున్నాయి. చెద పట్టిపోతున్నాయి కూడా. యెవరైనా పరిశోధక విద్యార్థి వీటిని పోగు చేస్తే బావుణ్ణు. అదే కెమెరా, అదే 12 ఫొటోల రోలు, అదే ఆగడం. హంపిలో మనిషి వెళ్లిపోవడం కోసం ఆగుతున్నారు, యిక్కడ మనిషి కోసం ఆగారు.

కాబట్టి యీ కెమెరాలు పట్టుకున్న మన కుర్రాళ్లని పడెయ్యమని చెప్పం. హంపి చుట్టూ బండల మీద, రాయిని చీల్చడానికి వరసగా తొలిచిన గుంటలు యిప్పటికీ వున్నాయి. సగం చీల్చి వదిలేసిన బండలున్నాయి. రాతిరథానికి ఖర్చు పెట్టిన రోళ్లలో వొక్కటి వాటికి ఖర్చు పెట్టినట్టు లేదు. రాయి కొట్టడం కులవృత్తిగా వున్న వాళ్లు ఆంధ్రలో వడ్డెరలు, బి.సి.లు. కర్ణాటకలో భోవి పేరుతో షెడ్యూల్డు కులం. ఆ గుంటల్ని వాళ్ల పెద్దవాళ్లకి చూపించి, యే గుంట యెందుకో అడిగి, వాళ్లు వొప్పుకుంటే వాళ్లతో కలిపి పేరు రాసి తియ్యొచ్చు. వూడ్చే ఆమెని కూడా అడగొచ్చు. వద్దంటే వూరుకోవాలి. అడిగే తీరికైతే యీ కెమెరాలో బోలెడు వుంది.

యింకో మాట. చారిత్రక కట్టడం అనగానే కోట, గుడి, మహలు దగ్గరికే యెందుకు పరుగెత్తాలి? 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ వుద్యమానికి నిలయమైన ఆది హిందూ భవనం హైదరాబాదు చాదర్‌ఘాట్‌లో వుంది. పల్లెల్లో తోలు శుద్ధి చేసిన లందలు పూడిపోతున్నాయి. మనల్ని రానివ్వని బావులున్నాయి, మనం తవ్వుకున్న బావులున్నాయి. వాటి ముందు మట్టంగా కెమెరా పెట్టి తీసిన ఫొటోలు, అక్కడి మనుషుల పేర్లతో సహా, మా దగ్గరికి వస్తే వేసుకుంటాం. కాంటాక్టు ప్రింట్లు పంపినా చాలు.