టైమింగు అనే ఒక్క మాట

మన భౌతికశాస్త్ర పుస్తకాలలో ప్రేరణ తీగచుట్ట పాఠం చివర మోటారుకారు ప్రస్తావన తరచు కనబడుతుంది. ప్రాథమిక వలయంలో పన్నెండు వోల్టుల బ్యాటరీ ప్రవాహం తెగగానే ద్వితీయ వలయంలో వేల వోల్టులు పుడతాయనీ, ప్లగ్గు కొనల నడుమ నిప్పురవ్వ ఎగురుతుందనీ చెప్పి పాఠం ముగిస్తారు. రవ్వ ఎగరడం వరకే శాస్త్రమనీ, అది ఎప్పుడు ఎగరాలన్నది మెకానిక్కు చూసుకోవలసిన సంగతి అనీ ఆ ముగింపు అర్థం.

కారు మరమ్మతు పుస్తకాలు తీస్తే లోపం మరొక విధంగా వుంటుంది. డిస్ట్రిబ్యూటరును విప్పే పద్ధతి వివరంగా రాస్తారు. బిగించే ఘట్టం వచ్చేసరికి, విప్పిన వరుసకు ఎదురు వరుసలో చేయమని తేల్చివేసి, టైమింగు ఇన్ని డిగ్రీలని ఒక అంకె ఇస్తారు. ఆ అంకె తప్పు కాదు. అయితే అది ఏ ప్రశ్నకు జవాబో చదువరికి తెలియదు. ఇది చిన్న లోపమని నేనూ అనుకొనేవాణ్ణి.

మా కళాశాలలో ఒక పాత ఆంబాసిడర్ వున్నది. 2014లో తయారీ నిలిచిపోయిన ఈ కారు ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణికి మన దేశపు రూపం. మా కారుది 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను. సిలిండర్లు నాలుగు, రవ్వ పడే వరుస 1, 3, 4, 2. డిస్ట్రిబ్యూటరు ఇరుసు అరిగి ఊగుతున్నందున కొత్తది తెప్పించి, విద్యార్థుల ఎదుట నేనే బిగించాను. క్రాంకు కప్పీ మీది గీతను సూచికకు ఎదురుగా తెచ్చి, అప్పుడు రోటరు చూపిన గూటికి మొదటి ప్లగ్గు తీగ తగిలించాను. మిగిలిన తీగలు వరుస తప్పకుండా పెట్టాను. స్టార్టరు నొక్కగానే, గాలి వడపోత తీసివున్న కార్బ్యురేటరు నోటినుండి జానెడు మంట లేచింది. వంగి చూస్తున్న విద్యార్థి ఒకడు సమయానికి వెనక్కు జరిగాడు గనుక ముఖం దక్కింది.

తప్పు ఎక్కడ వున్నది? నాలుగు ఘాతాల ఇంజనులో ఒక్కొక్క ఆవృత్తానికి క్రాంకు ఇరుసు రెండు చుట్లు తిరుగుతుంది. డిస్ట్రిబ్యూటరు అందులో సగం వేగంతో ఒక్క చుట్టే తిరుగుతుంది. అందుచేత కప్పీ మీది గీత ఆవృత్తానికి రెండుసార్లు సూచికకు ఎదురవుతుంది. ఒకసారి మొదటి సిలిండరులో పెట్రోలు-గాలి మిశ్రమం నొక్కుకుపోయి వుంటుంది. మరొకసారి, కాలిన వాయువులు బయటికిపోయి, కొత్త మిశ్రమాన్ని లోనికి తెచ్చే కవాటం అప్పుడే తెరుచుకొంటూ వుంటుంది. నేను పట్టుకొన్నది ఈ రెండవదాన్ని. తెరిచిన కవాటంగుండా మంట వచ్చిన దారినే పోయింది. ఈ ఇంజనులో డిస్ట్రిబ్యూటరు అడుగున వుండే నాలుక మధ్యకు గాక ఒక పక్కకు జరిగి వుంటుంది కాబట్టి అది గాడిలో ఒకే విధంగా దిగుతుంది. ఇక పొరపాటుకు తావు లేదన్న ధీమా ఆ నాలుకవల్ల కలిగిందే. తీగలు తప్పుగా పెట్టకుండా అది ఆపలేదు గదా! పైగా విడిగా కొన్న డిస్ట్రిబ్యూటరుకు ఆ నాలుకనే తిరగేసి బిగించి వుండే అవకాశమూ లేకపోలేదు.

దీన్ని కనిపెట్టడానికి ఏ పరికరమూ అక్కరలేదు. మొదటి ప్లగ్గు విప్పి, ఆ రంధ్రం మీద బొటనవేలు ఆనించి, మరొకరిచేత ముందరి హాండిలు తిప్పించాలి. వేలిని గాలి బలంగా నెట్టే చుట్టులో గీత సూచిక దగ్గరకు వస్తే, అదే కావలసిన చుట్టు. ఈ ఒక్క వాక్యం మరమ్మతు పుస్తకంలో డిగ్రీల అంకెకు ముందు వుండవలసినది.

ఆ రోజు వచ్చిన మెకానిక్కు మూతమీది తీగలన్నీ రెండేసి గూళ్లు జరిపాడు. ఇంజను లేచింది. ఇది కిటుకు కాదు, లెక్కే. నాలుగు గూళ్ల మూతలో ఒక గూడు 90 డిగ్రీలు. రెండు గూళ్లు జరిపితే 180. నా తప్పు సరిగా అంతే. కాని తప్పు గూటికి సరిపడా లేనప్పుడు తీగలు జరిపి ప్రయోజనం లేదు. ఈ తేడా చెప్పనందువల్లనే కొందరు తీగలు జరుపుతూ, కొందరు డిస్ట్రిబ్యూటరును తిప్పుతూ సాయంత్రం చేస్తారు. మరొక చిత్రమేమంటే, ఈ ఇంజనులో రోటరు పైనుండి చూస్తే గడియారపు ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతుంది. ఎవరైనా అలవాటుకొద్దీ ముల్లు తిరిగే దిశలో 1, 3, 4, 2 పెడితే, 1, 4 సరిగానే పడి 2, 3 మాత్రమే తారుమారవుతాయి. ఇంజను సగం ప్రాణంతో కొట్టుకొంటూ వుంటే లోపం డిగ్రీలలో వున్నదని అందరూ భ్రమపడతారు. విద్యార్థులు కాగితం మీద నాలుగు గూళ్లు గీసి దీన్ని సరిచూసుకోవచ్చు.

పుస్తకంలోని అంకె పనికివచ్చేది ఆ తరువాతనే. అప్పటికీ ముందు చూడవలసింది పాయింట్ల సందు. లూకాస్ డిస్ట్రిబ్యూటరుకు అది 0.014 నుండి 0.016 అంగుళం. సందు పెరిగితే పాయింట్లు ముందుగా విడిపోతాయి, టైమింగూ ముందుకు జరుగుతుంది. కాబట్టి టైమింగు పెట్టి ఆ తరువాత సందు సరిచేసేవాడు తాను చేసినదాన్ని తానే చెడగొట్టుకొంటాడు. డిస్ట్రిబ్యూటరును 5 డిగ్రీలు తిప్పితే క్రాంకు లెక్కలో 10 డిగ్రీలయినట్లు. చేతికి వెంట్రుకవాసిగా తోచిన కదలిక ఇంజనుకు చిన్నది కాదు.

మూడవ ప్రశ్న వేగానిది. పాఠ్యపుస్తకం వదిలేసిన అసలయిన భౌతికశాస్త్రం ఇక్కడే వున్నది. నిమిషానికి 3000 చుట్లు తిరిగే క్రాంకు సెకనులో వెయ్యోవంతు కాలానికి 18 డిగ్రీలు కదులుతుంది. 800 చుట్లప్పుడు 4.8 డిగ్రీలే. మిశ్రమం మండడానికి పట్టే కాలం మాత్రం అదే నిష్పత్తిలో తగ్గదు. కనుక వేగం పెరిగినకొద్దీ రవ్వ ముందుగా పడాలి. డిస్ట్రిబ్యూటరు లోపల స్ప్రింగులతో కట్టిన రెండు చిన్న బరువులు వేగానికి విచ్చుకొని ఆ పని చేస్తాయి. పలుచని మిశ్రమం నిదానంగా మండుతుంది గనుక, తక్కువ భారంతో పోయేటప్పుడు ఇంకా ముందుకు జరపడానికి శూన్యపు గొట్టం వున్నది. ఒక కారు డిస్ట్రిబ్యూటరు మరొక కారులో చక్కగా దిగవచ్చు. దాని బరువులు, స్ప్రింగులు వేరయితే నిలిచివున్నప్పుడు టైమింగు సరిగా వుండి, రోడ్డు మీద తప్పుతుంది. ఒంటిమీద ముద్రించిన సంఖ్యను పాతదానితో పోల్చుకోవాలనేది అందుకే.

దీన్ని కళ్లారా చూపే సాధనం టైమింగు లైటు. మొదటి ప్లగ్గుకు రవ్వ పోయినప్పుడల్లా అది మెరుస్తుంది; తిరిగే గీత నిలిచినట్లు కనబడుతుంది. ప్రయోగశాలలో స్ట్రోబోస్కోపు చూపే ఉపాధ్యాయులు ఒక్కసారి దీన్ని చూపితే ఆ పాఠం పిల్లలు మరువరు. మొదట శూన్యపు గొట్టం విడదీసి, దాని నోరు మూసి, ఇంజనును నెమ్మదిగా తిరగనిచ్చి చూడాలి. తరువాత వేగం పెంచితే గీత పక్కకు జరగాలి. జరగకపోతే బరువులు తుప్పుపట్టి బిగుసుకొన్నట్లు. రబ్బరు పొరతో అతికిన కప్పీలున్న ఇంజన్లలో బయటి వలయమే జారి గీత అబద్ధం చెప్పవచ్చు కూడా.

చెవితో విని టైమింగు పెట్టే మెకానిక్కును చదువుకొన్నవారు తక్కువగా చూస్తారు. ఆ మాటలో సగమే న్యాయం. నిలిచివున్న ఇంజను ఎక్కడ జోరుగా మోగితే అక్కడ బిగించడం ప్రమాదం. భారం పడినప్పుడు అదే టైమింగు టకటకమని కొట్టి, పిస్టన్లను చెరుపుతుంది. అయితే రోడ్డు మీద నడిపి విని సవరించడంలో దోషం లేదు. పుస్తకాల అంకెలు సీసం కలిసిన నాటి పెట్రోలుకు రాసినవి. మన దేశంలో 2000 నుండి ఆ పెట్రోలు లేదు. పాత ఇంజనులో మసి ఎంత పేరుకొన్నదో కూడా ఆ అంకెకు తెలియదు.

మా మెకానిక్కు, నా టైమింగు లైటుతో పెట్టిన గీతను ఏమీ అనకుండా, కారును ఊరిబయటి ఎత్తుకు తీసుకుపోయి టాపు గేరులో ఎక్కించాడు. టకటకలు వినిపించాయి. దిగి డిస్ట్రిబ్యూటరును కొద్దిగా వెనక్కు తిప్పి మళ్లీ ఎక్కించాడు, ఈసారి వినిపించలేదు. కళాశాలకు తిరిగివచ్చి లైటు వేసి చూశాను. పుస్తకంలోని అంకెకు రెండు డిగ్రీలు తక్కువ వున్నది. అలాగే వుంచాము.